శుభ్రంగా వచ్చిన రిపోర్టు

"ఇవి ఎక్కడివి?"

కూతురు టేబుల్ మీద ఒక్కొక్కటే పేర్చింది. నాలుగు మాత్రల రేకులు. నాలుగూ ఖాళీవే. ఒక్కో రేకుకి పది బుడగలు, పదీ పగిలి ఉన్నాయి.

రిపోర్టు శుభ్రంగా వచ్చిందన్న సంబరంలో మరిది అందుకున్న టీ కప్పు పెదవుల దాకా వెళ్లి ఆగిపోయింది. చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని కట్టుగుడ్డ ముక్కలు కత్తిరిస్తోంది. కత్తెర ఆగింది. తప్పులమ్మ ఎడమ కాలు స్టూలు మీద చాపుకుని, ఆ రేకుల్ని చూసీ చూడనట్టు కళ్లజోడు తీసి తుడుచుకుంది.

తప్పులమ్మ అన్నది పేరు కాదు. ముప్పై నాలుగేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినందుకు అక్కడి కంపోజింగ్ వాళ్లు చాటుగా పెట్టుకున్న పిలుపు. రిటైరయ్యాక అది కూడా ఆవిడతోపాటే ఇంటికొచ్చేసింది. పెళ్లి శుభలేఖ ఇస్తే శుభాకాంక్షలు చెప్పే ముందు ఒత్తు ఎగిరిపోయిన చోట గోటితో గీసి చూపించే మనిషి. మనుషుల్నీ అలాగే చదువుతుంది. ఇంతవరకూ తప్పులేని కాపీ ఒక్కటీ ఆవిడ చేతికి రాలేదు.

"నిన్నే అడుగుతున్నా, బాబాయ్. ఇవి నువ్వు తెచ్చావా?"

మరిది కప్పు కింద పెట్టాడు. "ఇలాంటివి ఏ షాపులోనైనా దొరుకుతాయమ్మా."

"నేనడిగింది అది కాదు."

"నా మందుల షాపు అమ్మేసి ఆరేళ్లయింది. ఇప్పుడు నాకేం తెలుస్తుంది చెప్పు?"

నలభై ఏళ్లు కౌంటరు వెనక నిలబడి, దగ్గుకీ దడకీ ఒకే మందు ఇచ్చిన మహానుభావుడు. షాపులో ఉన్నంతకాలం తనకు తెలియనిదేదీ లేదన్నాడు. ఇప్పుడు ఒక్క ప్రశ్నకే ఏమీ తెలియనివాడైపోయాడు. తప్పులమ్మ మూతి విరిచింది.

"డాక్టరమ్మ ఈ రిపోర్టు చూసి సంతోషపడలేదమ్మా," కూతురు తల్లి వైపు తిరిగింది. డ్రైవింగ్ నేర్పే మనిషి. ఎదుటివాడు గేరు తప్పు వేసినా గొంతు పెంచదు. ఇప్పుడూ పెంచలేదు. అదే భయంగా ఉంది. "'తుంటిలో పెట్టిన లోహపు కీలులోంచి సూదితో తీసిన నీళ్లలో ఏ క్రిమీ పెరగలేదంటే నేను నమ్మను. తొడ పక్కన రంధ్రం పడి ఎనిమిది నెలలుగా చీము కారుతుంటే లోపల క్రిమి లేకపోవడమేంటి? నేను చెప్పినట్టు రెండు వారాల ముందునుంచీ మందు ఆపారా?' అంది. ఆపామన్నాను. ఒట్టేసినట్టు చెప్పాను. ఇంటికొచ్చి చెత్త పారేద్దామని దూది డబ్బా కదిపితే అడుగున ఇవి."

"అందులో దాచిందెవరు మరి?" అన్నాడు మరిది, ఆ మాటతో తాను ఒడ్డెక్కినట్టు.

"ఆ డబ్బా పిన్ని తప్ప ఇంకెవరూ ముట్టరు."

అందరూ కిటికీ వైపు చూశారు.

చెల్లెలు మాత్రం ఎవరినీ చూడలేదు. అక్కనే చూసింది. హాస్టల్లో మూడొందలమందికి వంట చేసి రిటైరైన మనిషి. చదువు అయిదో తరగతి. అక్క తొడకి చీము పట్టిందని తెలిసి పెట్టె సర్దుకొచ్చి, ఎనిమిది నెలలుగా రోజుకి రెండుసార్లు కట్టు మారుస్తోంది. ఒక్కనాడూ ముక్కు మూసుకోలేదు. ఇప్పుడు కత్తెర ఒళ్లో పెట్టుకుని అలా చూస్తూనే ఉంది.

తప్పులమ్మ కళ్లజోడు పెట్టుకుంది. ఒక అద్దం ఇంకా మసగ్గానే ఉంది.

"నేనే," అంది చెల్లెలు.

"ఏంటి నువ్వే?"

"నేనే ఇచ్చాను. నొప్పి అంటోంది కదా అని."

మరిది ఊపిరి వదిలిన చప్పుడు గదంతా వినిపించింది.

కూతురు కుర్చీ లాక్కుని కూర్చుంది. "పిన్నీ, నువ్వేం చేశావో తెలుసా? పూటకొకటి చొప్పున ఇరవై రోజులు. ఈ మాత్రలు ఆ క్రిమిని చంపవు. పైపైన నోరు నొక్కుతాయంతే. పరీక్షలో బయటపడకుండా దాక్కుంటుంది. అది ఏ రకమో తెలిస్తేనే ఏ మందు వాడాలో తెలిసేది. నువ్వు ఆ రిపోర్టుని చదవడానికి పనికిరాకుండా చేశావు."

చెల్లెలు ఒళ్లోని కత్తెర తీసి కిటికీ గట్టున పెట్టింది.

"చదువులేనివాళ్ల చేతికి మందులిస్తే ఇంతే," అన్నాడు మరిది.

అప్పుడు తప్పులమ్మకి కోపం ముంచుకొచ్చింది. మరిది మీద కాదు. అతగాడు కోపానికి కూడా ఆనడు. చెల్లెలి మీద. ఎవరడిగారు దీన్ని? అడగని సాయం చేసి నెత్తిన ఎక్కి కూర్చోవడం దీనికి చిన్నప్పటినుంచీ అలవాటే. ఆ రోజుల్లో పలక పగలగొట్టింది అక్కయితే దెబ్బలు ఇది తినేది. తిన్నాక ఇలాగే చూసేది. ఆ చూపు చూస్తే ఒళ్లు మండుతుంది.

మాత్రలు వేసుకున్నది తప్పులమ్మే. తెప్పించుకున్నదీ తనే. మందు ఆపిన మూడోనాటికి తొడ రాయిలా బిగుసుకుపోయింది. ఆ మధ్యాహ్నం మరిదికి ఫోన్ చేసి, "తీసుకురా, ఎవరికీ చెప్పకు," అంది. "ఆ పిల్ల డాక్టరు మాట పట్టుకుని మందు మానేస్తామా వదినా," అంటూ అరగంటలో వచ్చాడు. జీవితమంతా పూచికపుల్లలా తీసిపారేసిన మనిషి చేతిలోంచి మాత్రలు తీసుకోవాల్సి వచ్చింది. అదొక్కటే ఆవిడకి అవమానంగా తోచింది. రేకులు దూది డబ్బాలో వేసింది, కట్టు చెత్తతోపాటు పోతాయని.

ఇప్పుడు నోరు విప్పితే? కూతురి ఎదుట, ఆ మందులవాడి ఎదుట, నేను భయపడ్డాను అని చెప్పాలి.

విప్పలేదు.

"నువ్వు మీ ఇంటికి వెళ్లు పిన్నీ," అంది కూతురు. "కట్టు నేను మారుస్తాను."

*

చెల్లెలి సామాను ఎంతో లేదు. పెట్టె, గొడుగు, గుడ్డ సంచి. వెళ్లే ముందు కూతురికి వంటింట్లో నిలబడి చెప్పడం తప్పులమ్మకి వినిపించింది.

"ముందు ఉప్పునీళ్లు గోరువెచ్చగా. దూదితో తుడవకు, పోగులు లోపలికి పోతాయి. గుడ్డతో అద్దు. అద్దేటప్పుడు ఏదైనా వేరే మాట చెప్తూ ఉండు. అది దేన్నో ఒకదాన్ని తిడుతూ ఉంటే నొప్పి తెలియదు దానికి."

పెట్టె పట్టుకుని గుమ్మంలోకొచ్చింది.

"వెళ్లొస్తా అక్కా."

"ఊ."

చెల్లెలు కదల్లేదు. తప్పులమ్మ పేపరు తిరగేసింది. ఒక వార్త చదివింది. అందులో రెండు తప్పులున్నాయి. తల ఎత్తితే చెల్లెలు ఇంకా అక్కడే ఉంది.

"ఏమైనా మర్చిపోయావా?"

"లేదక్కా," అంది చెల్లెలు. వెళ్లిపోయింది.

కూతురు సాయంత్రం కట్టు విప్పింది. తల్లి తొడ పక్కన పాత ఆపరేషను కుట్టు మచ్చ, దాని కింది చివర శనగగింజంత రంధ్రం ఉందని తెలుసు. తెలియడం వేరు. గుడ్డ తీయగానే వాసన మొహానికి కొట్టింది. చీము సన్నగా, పచ్చగా జారి దుప్పటి మీద పడింది. కూతురు గభాలున లేచి బాత్రూంలోకి పరిగెత్తింది. కొళాయి చప్పుడు చాలాసేపు వినబడింది.

తిరిగొచ్చేసరికి మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఎనిమిది నెలలు పిన్ని ఇది చూసిందా?"

"చూసింది. వంటవాళ్లకి వాసనలు అలవాటే."

కూతురు తల్లిని ఎగాదిగా చూసింది. ఆ చూపు తప్పులమ్మకి బాగా తెలుసు. అచ్చం తనదే. తను ఇతరులని చూసే చూపు తన మీదికి వస్తే ఎలా ఉంటుందో ఇంతవరకూ తెలియదు.

"గట్టిగా అద్దకు," అంది.

"నాకు ఇంతే వచ్చు."

*

మూడోరోజు మధ్యాహ్నం, కూతురు కారు పాఠాలకి వెళ్లిందని చూసుకుని మరిది వచ్చాడు. వచ్చీ రాగానే జేబులోంచి రేకు తీసి దిండు పక్కన పెట్టాడు.

"ఇవి కొంచెం గట్టివి వదినా. ఒక్క వారం వాడండి, రంధ్రం దానంతటదే పూడుకుపోతుంది. ఆపరేషనూ లేదు, గీపరేషనూ లేదు. పెట్టిన కీలు తీసేసి మళ్లీ పెట్టడమేంటండీ? బొమ్మ చెయ్యి ఊడిందా మళ్లీ తగిలించడానికి?"

"మొన్న నోరు విప్పలేదేం?"

"ఎప్పుడు?"

"పెట్టె పట్టుకుని అది వెళ్లిపోతుంటే. వాకిలి దాకా సాగనంపావు కూడా."

మరిది నవ్వబోయి, నవ్వు రాక, మొహం అలాగే పెట్టుకున్నాడు. "మీరు విప్పారా?"

వీధిలో ఎవరో మోటారు సైకిలు స్టార్టు కాక తన్నుతూనే ఉన్నారు.

"నా ఇంట్లో కూర్చుని నన్నే అడుగుతున్నావా?"

"అడగడం లేదు వదినా. మనిద్దరం ఒకటే అంటున్నాను."

అంతకన్నా పెద్ద తిట్టు ఆవిడని జన్మలో ఎవరూ తిట్టలేదు. చెయ్యెత్తి గుమ్మం చూపించింది. అతను వెళ్లాడు. రేకు తీసుకెళ్లడం మర్చిపోయాడు, లేదా మర్చిపోయినట్టు నటించాడు.

ఆ రేకుని ఆవిడ చాలాసేపు చూసింది. పారేద్దామనుకుంది. తర్వాత తొడ లోపల ఎక్కడో ఎముక మీద ఎవరో సన్నటి ఆకురాయి రాసినట్టయింది. ఒక బుడగ పగిలింది. ఆ సాయంత్రం ఇంకొకటి. మర్నాడు రెండు.

*

గురువారం పొద్దున ఆసుపత్రి. ఎముకల డాక్టరమ్మ గదిలో గోడ మీద అట్టముక్క మీద పెద్ద అక్షరాలు: శస్త్రచికిస్త విభాగం. తప్పులమ్మ కళ్లు సరిగ్గా అక్కడే ఆగాయి.

"మీ మీద నమ్మకం ఎలా పెట్టుకోమంటారు? చికిత్స అని రాయడం రాదు, చెయ్యడం వస్తుందా?"

డాక్టరమ్మ వెనక్కి తిరిగి బోర్డు చూసింది. "నిజమే. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు. మార్పిస్తాను. ఇక మీ తొడ చూపించండి."

తిట్టు తగిలి కింద పడలేదు. గాలిలోంచి వెళ్లిపోయింది. తప్పులమ్మకి చిరాకేసింది.

డాక్టరమ్మ కట్టు విప్పి, కాలు మెల్లగా తిప్పి చూసింది. ఎక్స్‌రే దీపం మీద పెట్టింది. ఎముకలో దిగిన లోహపు కాడ చుట్టూ నల్లటి గీత. "ఈ గీత పోయినసారి లేదు. కీలు ఎముకని వదిలేస్తోంది."

"మాత్రలతో తగ్గదా?"

"తగ్గదు. కుళాయి కింద బండ మీద పాచి చూస్తారు కదా? పైన నీళ్లు పోస్తే పోదు, గీకాలి. క్రిమి లోహం మీద అలాంటి పొర కట్టుకుని కూర్చుంటుంది. మందుని తన దాకా రానివ్వదు. లోహం తీసెయ్యాలి, చుట్టూ పాడైన కండ, ఎముక గీకెయ్యాలి. ఆ ఖాళీలో మందు కలిపిన సిమెంటుతో తాత్కాలికంగా కీలు పెడతాం. ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, నరంలోకి మందు. రక్త పరీక్షలు మామూలుకొచ్చాక రెండో ఆపరేషను. అప్పుడు అసలు కీలు."

"రెండుసార్లు కొయ్యాలా? ఒక్కసారి సరిగ్గా కొయ్యడం చేతకాదా?"

"కొందరికి ఒక్కసారే చేస్తాం. చర్మం బాగుండి, క్రిమి పేరు ముందే తెలిస్తే. మీకు చర్మంలో దారి పడిపోయింది. పేరు మనకి తెలియదు." డాక్టరమ్మ కలం తీసింది. "అందుకే మందు పూర్తిగా ఆపి, రెండు వారాలు ఆగి, మళ్లీ నీళ్లు తీసి చూద్దామనుకుంటున్నాను. ఏ మందు కలిపిన సిమెంటు పెట్టాలో దానిమీదే ఆధారం. మాత్రలు ఎవరిచ్చారో నాకు అక్కర్లేదు. చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు? అప్పటినుంచే లెక్క."

"మా పిన్ని ఇచ్చింది," అంది కూతురు. "పోయిన ఆదివారం వెళ్లిపోయింది. ఆ రోజుతో ఆగిపోయినట్టే."

"ఆవిడనే అడుగుదాం. ఒక్క పూట తేడా అయినా నాకు కావాలి."

కూతురు ఫోన్ టేబుల్ మీద పెట్టి స్పీకరు నొక్కింది. మూడో మోతకి చెల్లెలి గొంతు.

"పిన్నీ, డాక్టరు గదిలో ఉన్నాం. అమ్మకి చివరి మాత్ర ఎప్పుడిచ్చావు?"

దూరంగా ఎక్కడో గిన్నె కడుగుతున్న చప్పుడు ఆగింది.

"పిన్నీ?"

"ఆదివారం..." అంది చెల్లెలు. "ఆదివారం పొద్దున."

డాక్టరమ్మ కాగితం మీద రాయబోయింది. ఆదివారం. అక్కడనుంచి రెండు వారాలు. అదీ తప్పే. ఈ తప్పు పట్టుకుని మళ్లీ సూది గుచ్చుతారు. మళ్లీ శుభ్రమైన రిపోర్టు వస్తుంది. కలపకూడని మందు కలిపిన సిమెంటు తన ఎముకలో కూరుతారు. కలం కాగితానికి తాకింది.

"రాయకండి," అంది తప్పులమ్మ.

అందరూ ఆవిడని చూశారు.

"ఈ పొద్దున. ఏడున్నరకి. వేరే రకం, ఎరుపు రంగుది. మంగళవారం నుంచి వేసుకుంటున్నాను. దానికి ముందు తెల్లవి నలభై. అన్నీ నేనే వేసుకున్నాను. మా మరిది తెచ్చాడు. మా చెల్లెలికేం సంబంధం లేదు."

డాక్టరమ్మ మొహంలో ఆశ్చర్యమేమీ లేదు. "ఎరుపుది పేరు తెలుసా?" అని అడిగి, తప్పులమ్మ చెప్పిన అక్షరాలు ఒక్కొక్కటే రాసుకుంది.

కూతురు కదల్లేదు. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి, స్టీరింగ్ పట్టుకున్నట్టు.

ఫోన్ ఇంకా టేబుల్ మీదే వెలుగుతోంది.

"విన్నావా పిన్నీ?" అంది కూతురు. "నువ్వెందుకు నీ నెత్తినేసుకున్నావు? ఆ రోజు నేనే అనరాని మాటలన్నాను..."

"మీ అమ్మని కాపాడదామని కాదులే," అంది చెల్లెలు. గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. "నేనే అంటే, కాదు అంటుందేమో చూద్దామని. నేనూ మనిషినని ఒక్కసారైనా గుర్తుకొస్తుందేమోనని. గుమ్మంలో కూడా నిలబడ్డాను."

లైను తెగిపోయింది.

తప్పులమ్మ తలుపు వైపు చూసింది. ఇంత చిన్న గదిలో ఎటు చూడాలో తెలియలేదు.

*

కూతురు కారు తీసింది. అది పాఠాలు చెప్పే కారు. పక్క సీటు కింద కూడా బ్రేకు ఉంటుంది. తప్పులమ్మ కుడి కాలు దాని మీద పెట్టుకుని కూర్చుంది.

"కాలు తియ్యి," అంది కూతురు. దారంతా అదొక్కటే మాట.

ఇంట్లో కూడా అంతే. కట్టు మారుస్తుంది, పళ్లెం పెడుతుంది, వెళ్లిపోతుంది. దిండు కింద రేకు ఉందేమోనని రోజూ చెయ్యి పెట్టి చూస్తుంది. అడగదు. చూస్తుందంతే. మరిది ఫోన్ చేస్తే "బాబాయ్, ఇంకోసారి ఈ గుమ్మం ఎక్కితే నేను మర్యాద మర్చిపోతాను," అంది. అతను ఏదో నసిగాడు. పెట్టేసింది.

తప్పులమ్మ ఆ రోజుల్లో నాలుగుసార్లు చెల్లెలి నంబరు తీసింది. ఏమని మొదలుపెట్టాలి? ముప్పై నాలుగేళ్లు ఇతరుల వాక్యాలు సరిచేసింది. తన నోట ఈ ఒక్క వాక్యం మొదలవలేదు. నాలుగుసార్లూ పక్కన పెట్టేసింది. చివరికి, "దానికంత పొగరేంటి, ఒక్కసారి ఫోన్ చెయ్యకూడదా," అనుకుంది. అనుకున్నాక తన మీద తనకే ఏవగింపు పుట్టింది. అది కొత్త. ఇంతకాలం ఆ సరుకంతా బయటివాళ్లకే పంచింది.

మందు ఆగిన తొమ్మిదో రోజు పొద్దున చలి మొదలైంది. మొదట వేళ్లు, తర్వాత దవడ. రెండు దుప్పట్లు కప్పినా మంచం కటకటలాడింది. రంధ్రం చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బింది. కూతురు నుదుటి మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, కారు తాళాలు అందుకుంది.

డాక్టరమ్మ చూసిన రెండో నిమిషానికే చెప్పింది. "ఇక ఆగలేం. మందు రెండు వారాలు ఆపుదామనుకున్నాం, తొమ్మిది రోజులైనా ఆగింది. అదే నయం. ఈ మధ్యాహ్నమే తీసేస్తాను. లోపల అయిదారు చోట్లనుంచి ముక్కలు తీసి పరీక్షకి పంపిస్తాం. ఈసారి దొరకొచ్చు."

"దొరక్కపోతే?"

"నాకు తెలిసినంతలో మంచిది కలుపుతాను."

ఒక కాగితం పలక మీద పెట్టి ఇచ్చింది. "ఇంకొకటి. తెరిచాకగానీ ఎముక ఎంత మిగిలిందో తెలియదు. మిగిలితే సిమెంటు కీలు. బాగా పుచ్చిపోయి ఉంటే ఏమీ పెట్టకుండా ఖాళీగా వదిలెయ్యాల్సి రావొచ్చు. కాలు పొట్టిదవుతుంది. ఊతకర్రతో నడుస్తారు. అది ఎన్నాళ్లో ఇప్పుడు చెప్పలేను. మత్తులో ఉన్నప్పుడు మిమ్మల్ని అడగలేం కదా, అందుకని ముందే అడుగుతున్నాను. చదివి సంతకం పెట్టండి. ఇంకో సంగతి, ఆపరేషను తర్వాత ఆ ఆరేడు వారాలు పక్కన ఒక మనిషి ఉండాలి. ఎవరుంటారో నర్సుకి చెప్పండి."

ఆవిడ వెళ్లిపోయింది. తెల్లటి తెర వెనక ఇంకెవరో దగ్గుతున్నారు. బయట ట్రాలీ చక్రం ఒకటి కీచుమంటూ పోయింది.

తప్పులమ్మ కాగితం చేతిలోకి తీసుకుంది. ఒక్క తప్పైనా కనబడితే బాగుండుననిపించింది. ఏదీ కనబడలేదు. ఏ వాక్యమూ లోపలికి దిగలేదు.

"చదివావా?" అంది కూతురు.

"చదువుతున్నా."

"ఖాళీగా వదిలెయ్యాల్సొస్తే వదిలెయ్యమంటావా? చెప్పు. నర్సు వస్తుంది."

తప్పులమ్మ పలక ఒళ్లో పెట్టేసుకుంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. తిట్టడానికి ఒక మాట వెతుక్కుంది. డాక్టరుని, కాగితాన్ని, ఈ మంచాన్ని, దగ్గుతున్నవాణ్ని. దేనికీ ఓపిక లేదు.

"నాకు భయంగా ఉందే," అంది.

కూతురు తల్లి మొహంలోకి చూసింది. మందు తెప్పించుకున్న రోజునే అనాల్సిన మాట అని అంటుందేమో అనుకుంది తప్పులమ్మ. అనాలి కూడా. తనైతే అనేది.

కూతురు లేచి, ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లింది. గాజు తలుపులోంచి కనబడుతోంది. ఏదో చెప్తోంది. చెప్పడం ఆపేసి వింటోంది. ఒక చేత్తో కళ్లు తుడుచుకుంది. మళ్లీ వింటోంది.

తిరిగొచ్చి ఫోన్ తల్లి చేతిలో పెట్టింది.

"వస్తానందా?"

"రానని అనలేదు. వస్తానని కూడా అనలేదు. నువ్వు అడిగితే గాని ఏదీ చెప్పనంది. లైన్లోనే ఉంది."

నర్సు తెర పక్కకి లాగి, "సంతకం అయిందా అమ్మా?" అంది. కూతురు చేత్తో ఆగమంది.

తప్పులమ్మ ఫోన్ చెవికి ఆనించుకుంది. అవతల ఊపిరి వినబడుతోంది. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకున్నప్పటి ఊపిరే. ఏ మాటతో మొదలుపెట్టాలో ఇంకా తెలియలేదు.

"నేనే," అంది.

"తెలుసు," అంది చెల్లెలు. "చెప్పు."

అరవై నాలుగేళ్లలో మొదటిసారి, ఆ మాట చివర అక్కా అన్న పిలుపు లేదు.